చప్పుడు చాటున

హైమవతి ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే ఆ సంగతి వీధిలో అందరికీ తెలిసేది. ముందు గొంతు సవరించుకున్నట్టు ఓ గరగర, ఆ వెనక పిండిమర ఆడుతున్నట్టు ఫ్యాను హోరు, దాని అడుగున ఎలక చెక్కపెట్టె కొరుకుతున్నట్టు డిస్కు టకటక. తెర వెలిగి బొమ్మలన్నీ వచ్చి కుదురుకునేలోపు అన్నం వార్చుకుని రావచ్చు. కూతురు లాస్య కాలేజీ కాయితాలేవైనా ప్రింటు తీసుకోవలసివస్తే ముందు మీట నొక్కి, ఆనక తాపీగా స్నానానికి వెళ్ళేది. భర్త ఈశ్వరరావు దాన్ని పాత ఇనుములో వేసేద్దామని ఎప్పటినుంచో అంటున్నాడు.

అడ్డుపడేది మావగారు అప్పలనరసయ్య ఒక్కరే.

ఆయన విశాఖపట్నం స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పిన మనిషి. ఆ పనికి యంత్రాలు రాకముందు ఊళ్ళో ఒక తరం మొత్తానికి రైలంటే ఆయన గొంతే. ఆ గొంతు విని పరుగెత్తినవాళ్ళున్నారు, ఊరట పడి బెంచీ మీద చతికిలబడినవాళ్ళున్నారు. రిటైరయి ఏళ్ళు గడిచినా రైతుబజారులో ఆయన బెండకాయల ధర అడిగితే పక్కవాళ్ళు తలతిప్పి చూసేవాళ్ళు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన వెనకగదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, కంప్యూటర్ ఆన్ చేసుకునేవాడు. పేకముక్కల ఆట ఆడుకుంటున్నాడని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. హోరులో ఆయన అలికిడి కూడా వినపడేది కాదు.

హైమవతి సముద్రం ఒడ్డునున్న ఓ ధ్వని పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ప్రపంచంలోని శబ్దాలన్నిటినీ కొలిచే మనిషి సొంతింటి శబ్దం ఆపలేకపోతోందని ఈశ్వరరావు ఒక ఆదివారం వేళాకోళం చేశాడు. ఆవిడకి రోషం వచ్చింది. స్క్రూడ్రైవర్ పట్టుకుని వెనకగదిలో చాప పరుచుకుని కూర్చుంది.

పెట్టె మూత తీస్తే ఫ్యాను రెక్కల మీద దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. అది పెద్ద జబ్బు కాదు, బ్రష్షుతో పోయేదే. అసలు జబ్బు తెర మీద తెలిసింది. మెమరీ మరీ తక్కువ. చిన్న పని చెప్పినా అందులో చోటు చాలక, ప్రతిదీ డిస్కు మీద రాసుకోవడం, మళ్ళీ అక్కడినుంచి చదువుకోవడం, మళ్ళీ రాసుకోవడం. ఇంతకీ ఏమైందని లాస్య అడిగితే, చిన్న పీట మీద వంటంతా పెట్టుకున్నామనుకో, ఉప్పు డబ్బా కావలసినప్పుడల్లా లేచి అలమార దాకా నడవాలి కదా, ఇదీ అంతేనని చెప్పింది. అందుకే నెమ్మది, అందుకే ఆ టకటక. ఏళ్ళ తరబడి ఆ డిస్కు ఒక్క క్షణం ఊరుకోకుండా రాస్తూనే ఉంది.

అప్పలనరసయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"దాన్నలా ఒగ్గీమ్మా. నడుస్తోంది కదా."

"నడవడం లేదు మావయ్యగారూ, ఈడుస్తోంది."

"ఆ చప్పుడు నాకలవాటే. నాకేటీ ఇబ్బంది లేదు."

పెద్దవాళ్ళ పట్టుదల అనుకుని హైమవతి నవ్వి ఊరుకుంది. ఆయన ఇంకేదో అనబోయి, అనలేక, కాసేపు తలుపు గడియతో ఆడుకుని వెళ్ళిపోయాడు.

డిస్కు విప్పడానికి దాని మీద వేళ్ళు ఆన్చినప్పుడు ఆ వణుకు చేతికి తగిలింది. హైమవతి చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆవిడ పనిచేసే చోట అందరూ వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి దాని కోసమే. డిస్కు లోపల పళ్ళేలు గిర్రున తిరుగుతుంటే సన్నటి చెయ్యి ఒకటి వాటి మీద అయస్కాంతపు గీతలు గీస్తుంది. పక్కన ఎవరైనా మాట్లాడితే, ఆ మాట తాకిడికి చెయ్యి కంటికి ఆననంతగా వణుకుతుంది. గీత ఆ మేరకు వంకర పోతుంది. ఆ వంకర్లని చదివి తిరిగి మాటలు చెయ్యగలిగితే, ఏ ఫ్యాక్టరీలోనో ప్రమాదం జరిగి అందరూ పోయినా, అక్కడి కంప్యూటర్‌ని అడిగి చివరి నిమిషాల్లో ఎవరు ఏమన్నారో తెలుసుకోవచ్చు. ఆశయం మంచిదే. ఆ ఆలోచన హైమవతిదే. నడివయసంతా దానికే ధారపోసింది. కానీ ప్రయోగశాలకి కొన్న డిస్కులు కొత్తవి, కుదురైనవి. వాటినుంచి వచ్చింది గాలి ఊదినట్టు ఓ రొద, అంతే. మనుషులు మసలే గదిలో, ఏళ్ళ తరబడి, ఊపిరి తీసుకోకుండా రాస్తూపోయిన డిస్కు కావాలి. అది ఇప్పుడు ఆవిడ ఒళ్ళో ఉంది.

డిస్కు పాడయ్యేలా ఉంది, మార్చాలి అని ఇంట్లో చెప్పింది. అబద్ధం కాదు. కానీ తీసినదాన్ని ఏం చెయ్యబోతోందో చెప్పలేదు. పోయినదాని గురించి ఎవరడుగుతారు?

కదిలే భాగాలేవీ లేని కొత్తరకం డిస్కు వేసింది. మెమరీ పెంచింది. ఫ్యాను దుమ్ము దులిపి, నూనెచుక్క వేసింది. కంప్యూటర్ చిటికెలో లేచింది, అదీ చడీచప్పుడు లేకుండా. లాస్య గంతులేసింది. ఈశ్వరరావు భార్య పనితనాన్ని మెచ్చుకున్నాడు. అప్పలనరసయ్య మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి దాని ముందు కూర్చుని మీట నొక్కాడు. చెవి దగ్గరగా పెట్టాడు. ఇది నడుస్తోందా అని అడిగాడు. నడుస్తోందంటే తల ఊపాడు. తలుపు వేశాడు, తీశాడు. కాసేపటికి బయటికొచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేదు.

ప్రయోగశాలలో పళ్ళేలు విప్పి, గీతల్ని సూక్ష్మదర్శినితో చదవడానికి వారాలు పట్టింది. తోటి పరిశోధకురాలు నస్రీన్, హైమవతి కలిసి ఒక్కొక్క గీతనీ సరిచేసి వరస పేర్చారు. ఫ్యాను హోరు అంతటా ఒకే తీరుగా ఉంది కనుక దాన్ని తీసెయ్యడం అన్నిటికన్నా తేలికైంది. తుడుపుగుడ్డతో గాజు తుడిచినట్టు ఇట్టే పోయింది. ఆ సమయంలో డైరెక్టర్ గోపాలస్వామి కూడా వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు. నస్రీన్ స్పీకర్ మీట తిప్పింది.

ముందు కుర్చీ కిర్రుమంది. తర్వాత ఒక మగగొంతు, పెద్దతనంతో కాస్త బొంగురుపోయినా పదం పదం విడివిడిగా పలికే గొంతు, గదినిండా పరుచుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ ఇంటి కోడలు పేరు హైమవతి. హై, మ, వ, తి. ఉదయం వెళ్ళి సాయంత్రం చేరుకొనును. ప్రయాణికులకు విజ్ఞప్తి. మనవరాలు లాస్య కాలేజీ నుండి మరికొద్ది సేపట్లో రానున్నది."

గోపాలస్వామి చప్పట్లు కొట్టాడు. నస్రీన్ హైమవతిని కావలించుకుంది. అంతలో వింటున్న మాటలేమిటో తలకెక్కి ముగ్గురూ పడిపడి నవ్వారు. మనవరాల్ని రైలులా చెప్పే తాతగారు! హైమవతి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఏళ్ళ కష్టం ఫలించిన నవ్వది. తర్వాత్తర్వాత ఆ నవ్వు ఆవిడకి ఎప్పుడు గుర్తొచ్చినా ఒళ్ళు కుంచించుకుపోయేది.

మిగతాది హైమవతి ఒక్కతీ కూర్చుని విన్నది. ఒకటే వరస, ఎన్నో మధ్యాహ్నాలు. ఇంట్లోవాళ్ళ పేర్లు. ఇవాళ ఏ వారం. పాలవాడి పేరు. మాత్రలు ఎర్రది పొద్దున, తెల్లది రాత్రి. ఒక్కోచోట తడబాటు, పేరు దొరక్క చాలాసేపు నిశ్శబ్దం, దొరికాక పసివాడిలా ఓ చిన్న నవ్వు. ఒకచోట గొంతు తగ్గింది. "నిన్న మన వీధి మరిచిపోయాను. చెప్పు తెగింది, అందుకే ఆలస్యమని అబ్బాయితో చెప్పాను. చెప్పు తెగింది. అదే చెప్పవలెను." ఇంకోచోట, అన్నిటికన్నా స్పష్టంగా, మైకు ముందు నిలబడ్డట్టు, "ప్రయాణికులకు విజ్ఞప్తి. సత్యవతి ఇక రాదు. సత్యవతి గురించి ఎవరినీ విచారించరాదు."

సత్యవతి ఆయన భార్య. పోయి చాలాకాలమైంది.

హైమవతి చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మావగారు ఆడింది పేకాట కాదు. తనలోంచి జారిపోతున్న ఇంటిని రోజూ గదిలో కూర్చుని మళ్ళీ కట్టుకుంటున్నాడు. ఎవరికీ వినపడకూడదని ఆ హోరు చాటున దాక్కున్నాడు. ఆ హోరునే తను ముందు ఇంట్లోనూ తర్వాత ఇక్కడా తుడిచేసింది.

ఆ రోజే ఇంటికి వెళ్ళి చెప్పవలసింది. చెప్పలేదు. చెబితే డిస్కు సంగతి చెప్పాలి. డిస్కు సంగతి చెబితే ఆ నవ్వు సంగతి చెప్పాలి.

ఇంట్లో ఆయన రోజురోజుకీ చెదిరిపోతున్నాడు. లాస్యని ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచాడు. స్నానాల గదికని వెళ్ళి వంటింట్లో నిలబడ్డాడు. ఒక ఉదయం పళ్ళెం ముందు కూర్చుని, సత్యవతి తిన్నదా అని అడిగాడు. అడిగిన మరుక్షణం ఏదో తప్పు చేసినట్టు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఈశ్వరరావు చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది.

డాక్టరు పరీక్షలు చేసి, మరపు జబ్బు చాలాకాలం కిందటే మొదలైందన్నాడు. ఇంతకాలం బయటపడకుండా ఎలా నెట్టుకొచ్చారో ఆశ్చర్యంగా ఉందన్నాడు. ఇంటికొస్తూ కారులో ఈశ్వరరావు తనని తాను తిట్టుకున్నాడు. ఒకే కప్పు కింద ఉండి కొడుకై కనిపెట్టలేకపోయానన్నాడు. పక్కన కూర్చున్న హైమవతి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నోటిదాకా వచ్చిన మాటని మింగింది. ఒకసారి మింగాక రెండోసారి మింగడం తేలికైంది.

సంస్థలో ప్రదర్శన రోజు నిశ్చయమైంది. దేశం నలుమూలలనుంచీ శాస్త్రవేత్తలు, అధికారులు వస్తారు. గోపాలస్వామి ఆ పాత డిస్కు ముక్కే వినిపించాలన్నాడు. హైమవతి ఆ గొంతు మా బంధువుదని నసిగింది. పేరు చెప్పం కదా, ఎవరికి తెలుస్తుంది, అంతకన్నా శుభ్రమైన నమూనా మన దగ్గర ఉందా అని ఆయన అడిగాడు. లేదు. వద్దని గట్టిగా అంటే ఆయన మానుకునేవాడే, చెడ్డవాడు కాదు. హైమవతి అనలేదు. పైగా వినిపించవలసిన ముక్కని ఆవిడే కూర్చుని ఏరింది. వీధి మరిచిపోయిన మాటని తీసేసింది. అంతమాత్రం జాలి చూపానని మనసుకి చెప్పుకుంది. సత్యవతి మాట మాత్రం ఉంచింది. అన్నిటిలోకీ అదే స్పష్టంగా ఉంది మరి.

ప్రదర్శనశాల నిండింది. హైమవతి వేదిక మీద నిలబడి గీతల గురించి, వణుకు గురించి నాలుగు మాటలు చెప్పింది. మీట నొక్కింది. అప్పలనరసయ్య గొంతు హాలంతా మోగింది. మనవరాలు రానున్నదన్నప్పుడు అందరూ నవ్వారు. సత్యవతి ఇక రాదన్నప్పుడు హాలు చప్పున నిశ్శబ్దమైంది. ఆ తర్వాత చప్పట్లు, లేచి నిలబడి మరీ కొట్టిన చప్పట్లు.

అవి సద్దుమణుగుతుండగా ముందు వరసలోంచి తలనెరిసిన అధికారి ఒకాయన లేచాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఈ గొంతు నాకు తెలుసు. నేనీ ఊళ్ళోనే చదువుకున్నాను. ఇది మా స్టేషన్ గొంతండీ. అప్పలనరసయ్యగారు కదూ?"

ఆయన ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ పేరు హాల్లో ఒక నోటినుంచి ఇంకో నోటికి పాకడం హైమవతి వేదిక మీదనుంచి చూసింది. తల వంచుకుని కాయితాలు సర్దుకుంది. ఎవరో ఫోన్లో అంతా పట్టారు. సాయంత్రానికి స్టేషన్ గొంతు మళ్ళీ ఊళ్ళో తిరగసాగింది, ఈసారి చేతుల్లో, జేబుల్లో.

హైమవతి ఇంటికొచ్చేసరికి అందరూ హాల్లోనే ఉన్నారు. లాస్యకి స్నేహితురాలెవరో ఆ ముక్క పంపిందట. మీ తాతగారట కదా, ఎంత ముద్దుగా ఉందో అని రాసిందట. ఏమిటో తెలియక లాస్య అందరి మధ్యా పెట్టింది. అప్పలనరసయ్య ఉప్మా తింటూ తన గొంతు తనే విన్నాడు. ఇవాళ ఏ వారమో తెలియని మనిషికి ఆ మాటలు ఎక్కడివో, ఎప్పటివో మాత్రం తెలిసిపోయింది. పళ్ళెం కింద పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఈశ్వరరావు అరవలేదు. అరిస్తే బాగుండునని హైమవతికి అనిపించింది. డాక్టరు చెప్పిన రోజు, కారులో వస్తున్నప్పటికే నీకు ఇదంతా తెలుసా అని అడిగాడు. తెలుసని చెప్పింది. లాస్య తల్లి ముఖం చూడకుండా పళ్ళెం తీసి కడిగి బోర్లించింది.

హైమవతి మావగారి గదిలోకి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. డిస్కు విప్పిన ఆదివారం దగ్గరనుంచి ఏదీ దాచకుండా చెప్పింది. తను నవ్వానని కూడా చెప్పింది. ఆయన గోడ వైపు చూస్తూ విన్నాడు. ఎండిన ఉప్మా పలుకులు వేళ్ళకి అలాగే ఉన్నాయి.

"ఎవరెవరు విన్నారమ్మా?"

చాలామంది విన్నారని చెప్పింది.

"సత్యవతి మాట కూడానా?"

"అవునండీ."

ఈసారి ఆయన మాటలో తడబాటు లేదు. పాత రోజుల్లోలాగే ప్రతి మాటా విడివిడిగా వచ్చింది.

"మైకులో చెప్పింది ఊరందరికీ. దానికి జీతం పుచ్చుకున్నాను. గదిలో చెప్పుకున్నది నాకు. అది నాకు మాత్రమేనమ్మా. మతి పోతోందని నాకు తెలుసు. పోయినన్నాళ్ళు పోనీ, మీ ముందు పోకుండా ఉంటే చాలనుకున్నాను."

హైమవతి ఆయన పాదాల మీద చెయ్యి వేసి, క్షమించమని అడిగింది. ఆయన పాదాలు వెనక్కి తీసుకోలేదు, ఆవిడ తల మీద చెయ్యీ పెట్టలేదు.

"ఇప్పుడు నా నోట ఏటీ రాదు. ఆలోచించుకోవాలి. రేపు చెప్తాను."

ఆ మాట పట్టుకుని ఆవిడ గదిలోంచి వచ్చింది. తిట్టినా సరే, ఈ ఇంట్లో ఉండవద్దన్నా సరే, రేపు ఆయన ఏదో ఒకటి చెబుతాడు. శిక్ష ఏమిటో తెలిసినా ఒక ఊరటే.

తెల్లవారింది. హైమవతి కాఫీ తీసుకుని వెళ్ళింది. అప్పలనరసయ్య మంచం మీద కూర్చుని, దువ్వుకున్న తలతో, తేటగా నవ్వాడు.

"రామ్మా. ఇవాళ ఆఫీసు లేదేటి? మొహం అలా ఉందేటమ్మా, ఒంట్లో బాగులేదా?"

హైమవతి గ్లాసు అందించి అక్కడే నిలబడింది. ఆయన ముఖంలో నిన్నటి నీడ లేదు. వెతికింది. ఎక్కడా లేదు. నిన్న నేనొకటి అడిగాను, మీరు రేపు చెబుతానన్నారు అనడానికి పెదవులు విడివడ్డాయి. అలా అంటే ఏం అడిగావంటాడు. ఏం అడిగిందో చెప్పాలంటే అంతా చెప్పాలి. చెబితే ఆ ముఖం మళ్ళీ నిన్నటిలా గోడ వైపు తిరుగుతుంది, ఎవరెవరు విన్నారమ్మా అని మళ్ళీ అడుగుతుంది. క్షమాపణ అడిగిన ప్రతిసారీ ఆయన్ని కొత్తగా అవమానించాలి. గుమ్మంలో ఈశ్వరరావు నిలబడి ఉన్నాడు. భార్య కళ్ళలోకి చూసి, వద్దన్నట్టు మెల్లిగా తల అడ్డంగా ఊపాడు. ఆ రోజుల్లో ఆయన ఆవిడ వైపు నేరుగా చూసింది ఆ ఒక్కసారే.

"ఏం లేదు మావయ్యగారూ. తలనొప్పి."

"శొంఠి పట్టు వేసుకోమ్మా," అని ఆయన కాఫీ తాగాడు.

సంస్థకి వెళ్ళి హైమవతి అందర్నీ కూర్చోబెట్టి ఆ గొంతు ఎవరిదో, ఎలా తెచ్చిందో చెప్పింది. ఆయన్ని అడగలేదని, అడిగితే ఒప్పుకోడని తెలిసే అడగలేదని చెప్పింది. నస్రీన్ తల దించుకుంది. గోపాలస్వామి నొచ్చుకున్నాడు, ఆ ముక్కని ఇక వాడమని మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. కానీ అప్పటికే అది ఎవరి ఫోనులోంచీ తియ్యలేనంత దూరం వెళ్ళిపోయింది. గీతలు చదివే విద్య అంతకన్నా దూరం వెళ్ళింది. పెళ్ళాం వాడే కంప్యూటర్ చంకన పెట్టుకుని ఒకాయన సంస్థ గేటు దగ్గరికి వచ్చాడు. తన దగ్గర పనిచేసేవాళ్ళు భోజనాల వేళ ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఇంకో పెద్దమనిషి వచ్చాడు. నస్రీన్ ఇద్దర్నీ తిప్పి పంపింది. మరికొన్నాళ్ళకి వాళ్ళు రావడం మానేశారు. ఊళ్ళోనే ఆ పని చేసిపెట్టే దుకాణాలు వెలిశాయి. జనం పాత డిస్కుల్ని సుత్తితో కొట్టి బీచిలో పారేస్తున్నారని చెప్పుకునేవాళ్ళు. ఫలానా ఫ్యాక్టరీ ప్రమాదంలో అసలు తప్పెవరిదో ఆ విద్య వల్లే తేలిందని కూడా ఒకరోజు పేపర్లో వచ్చింది. కనిపెట్టినవాళ్ళలో మొదటి పేరు హైమవతిదే. ఈశ్వరరావు ఆ పేపరు చదివి, మడిచి, బల్ల మీద పెట్టాడు.

హైమవతి ఆ పరిశోధన వదిలేసింది. మధ్యాహ్నాలు ఇంట్లో ఉండేలా సెలవులు, ఆ తర్వాత సగం రోజు పని అడిగి పుచ్చుకుంది. ఆయన పక్కన కూర్చుని కూర తరుగుతూ, మాటల్లో మాటగా ఇంట్లోవాళ్ళ పేర్లు అందించేది. లాస్య ఇప్పుడే వస్తుందండీ. ఇవాళ బుధవారం కదండీ. ఆయన ఆ పేర్లు పట్టుకుని కాస్త దూరం నడిచేవాడు, మళ్ళీ జారవిడిచేవాడు. మంచి కోడలని వచ్చినవాళ్ళంతా అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా హైమవతి లేచి వంటింట్లోకి వెళ్ళేది.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన వరండాలో కూర్చుని ఉన్నట్టుండి మోకాళ్ళు తడుముకోవడం మొదలుపెట్టాడు. ఏదో పారేసుకున్నవాడిలా అటూ ఇటూ చూశాడు. చిక్కుడుకాయలు తుంచుతున్న హైమవతి ఏం కావాలని అడిగింది.

"ఎవరికో జవాబు చెప్తానన్నానమ్మా. రేపు చెప్తానన్నాను. చెప్పలేదు." ఆయన నుదురు ముడిపడింది. "ఎవరికి? నీకేనా?"

హైమవతి చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. అవునంటే చాలు. అడిగింది ఫలానా, మీరు క్షమించానన్నారు, అది అప్పుడే అయిపోయింది అంటే ఆయన నమ్ముతాడు. సంతోషిస్తాడు కూడా. బహుశా తల మీద చెయ్యి కూడా పెడతాడు.

కానీ అదీ ఆయనకి తెలియకుండా ఆయన దగ్గరనుంచి తీసుకున్నదే అవుతుంది.

"నాకు కాదు మావయ్యగారూ."

"మరెవరికో. మాటిచ్చి చెప్పకపోవడం తప్పు కదమ్మా. పాపం, ఎదురుచూస్తుంటారు."

ఆయన చేతులు ఇంకా మోకాళ్ళ మీద వెతుకుతూనే ఉన్నాయి. హైమవతి చేట పక్కన పెట్టి, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. అవి నెమ్మదించేదాకా అలాగే పట్టుకుంది.

"ఎదురుచూడనివ్వండి," అంది. "వాళ్ళకేం తొందర లేదు."